సీలు వేసిన ఫోను

దుమ్ముగూడెంలో రోజారాణి ఆన్‌లైన్ సెంటర్ నడిపేది. అడవి ఊళ్లకు టవరు వేయని సర్కారే ప్రతి దరఖాస్తుకూ ఓటీపీ అడుగుతుంది. ఫోను లేని మనిషి ఏం చెయ్యాలి? అందుకని తన దగ్గరకు వచ్చినవాళ్లందరి ఆధార్‌కూ రోజారాణి తన నంబరే ఎక్కించింది. పదేళ్లలో వాళ్లు నూట నలభై మంది అయ్యారు.

మొన్న ఎండాకాలం వాళ్లలో ఒకరి ఆధార్‌తో ఎవడో మోసగాడు బ్యాంకు ఖాతా తెరిచాడు. పోలీసులకు దొరికింది ఆ ఆధార్‌కున్న రోజారాణి నంబరొక్కటే. ఇంతమందికి ఒకే నంబరంటే ఇది ముఠా పనే అన్నారు. రోజారాణిని జైల్లో పెట్టారు. ఆమె ఫోనును కవర్లో పెట్టి సీలు వేశారు.

తునికాకు కోసే రామక్క పదిమందిని వెంటేసుకొని కోర్టుకు వచ్చింది.

"మా రోజమ్మ దొంగ కాదు. జామీను మేముంటం," అన్నది.

వాళ్ల అరిగిపోయిన ఆధార్ కార్డులు చూసి, కొత్త కాపీలు తీసుకురమ్మన్నాడు రోజారాణి లాయరు. ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ షాపులో రామక్క ఆధార్ నంబరు కొట్టారు.

"ఓటీపీ వచ్చింటది, చెప్పక్కా," అన్నాడు షాపతను.

"గది రోజమ్మ ఫోనుకొస్తది సారూ," అన్నది రామక్క. "ఆమెను జల్దీ ఇడిసిపెట్టమనుండ్రి, చూసి చెప్తది."