పాట లేని సన్మానం

జర్మనీలో ఆమె పేరు చెబితే హాళ్ళు నిండేవట. జెర్సీ సిటీలో మాత్రం మా హాస్పిటల్ రికార్డు రూములో ఫైళ్ళు సర్దేది. డెబ్బైల చివర్లో నేను అక్కడి ల్యాబ్‌లో చేరిన కొత్తలో, ఏటా మూడు నెలలు సెలవు పెట్టి ఈవిడ ఎక్కడికి పోతుందా అనుకునేదాన్ని. ఒకరోజు లంచ్ టైములో జర్మన్ పత్రిక ఒకటి చూపించింది. అట్ట మీద ఆమె ఫొటో, చేతిలో మైకు. సోల్ అని, నల్లవాళ్ళ ప్రేమ పాటలు పాడుతుందట. హాస్పిటల్లో ఇంకెవరికీ ఆ సంగతి చెప్పలేదు. నేనూ బయటిదాన్నే కనక నాకు చెప్పిందేమో.

చిన్నప్పుడు చర్చిలో పాడేది. ప్రేమ పాటల్లోకి దిగాక వాళ్ళమ్మ ఆమె పాట వినడం మానేసింది. క్లబ్బు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో పాట ఊసెత్తకుండా బతికారు.

ఎనభైల మొదట్లో ఆమె గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ అయ్యాక పాడటం కుదరదని డాక్టరు చెప్పేశాడు.

"ఈ ఊళ్ళో ఒక్కసారి పాడాలి. మా అమ్మ ముందు వరుసలో కూర్చోవాలి. ఒక్క పాట చాలు" అంది నాతో.

నాకు వెంటనే మా తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్ గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, స్కూలు ఆడిటోరియం, పైగా పండగ. క్లబ్బు కాదు కదా, వాళ్ళమ్మ వస్తానంది. ఆపరేషన్ ఆ తర్వాతి మంగళవారం.

మా సెక్రటరీ సంబరపడిపోయాడు. "ఇంటర్నేషనల్ సింగరండీ. ఊరికే పాడించి పంపేస్తే ఏం బావుంటుంది? శాలువా కప్పుదాం. మీరు రెండు ముక్కలు ఇంట్రడ్యూస్ చెయ్యండి, తర్వాత పాట."

ఆ రెండు ముక్కలు నేను తెలుగులో పది నిమిషాలు చెప్పాను. ఆమెకు అర్థం కావాలి కదా అని ఇంగ్లీషులో ఇంకో పది. చప్పట్లు పడేకొద్దీ నాకు ఊపొచ్చింది. తర్వాత ప్రెసిడెంటు గారు. ఆయన మాట్లాడాక మాజీ ప్రెసిడెంటు గారు ఊరుకుంటారా? శాలువా, దండ, జ్ఞాపిక, ఫొటో. ఫొటోలో లేనివాళ్ళు నొచ్చుకుంటారని మళ్ళీ ఇంకో ఫొటో. ఆమె దండ బరువుతో నవ్వుతూ కూర్చుంది. ముందు వరుసలో వాళ్ళమ్మ, చర్చికి పెట్టుకెళ్ళే టోపీతో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని.

ఆమె లేచి మైకు దగ్గరికి నడిచేసరికి ఐదయింది. హాలు ఐదింటి వరకే. స్కూలు వాచ్‌మన్ వచ్చి మైకు కట్టేశాడు. ఐదు నిమిషాలని బతిమాలాను, వినలేదు. జనం అప్పటికే కుర్చీలు మడుస్తూ పిల్లల్ని కేకేస్తున్నారు. మైకు లేకుండా వినిపించే గొంతు ఆమెకు అప్పటికే లేదు. తల్లీకూతుళ్ళని కారులో ఇంటి దగ్గర దింపాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆపరేషన్ అయ్యాక ఆమెకు గుసగుస మాత్రం మిగిలింది. చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె నిద్రపోతోంది. వంటింట్లో వాళ్ళమ్మకు క్షమాపణ చెప్పాను.

"మీ వాళ్ళు మా పిల్లకి మర్యాద చేశారు. ఈ ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేదు" అందావిడ. తిట్టినా బావుండేది.

తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "దాని పాటల రికార్డులన్నీ నాకు నోటికొచ్చు. అది ఊరెళ్ళినప్పుడల్లా పెట్టుకుని వినేదాన్ని. దానికి తెలియదు. ఆ రోజు అది పాడుతుంటే కింద కూర్చుని నేనూ పెదాలు కదుపుదామనుకున్నా. నన్ను చూసి, అదే అర్థం చేసుకునేది."

"ఇప్పుడైనా చెప్పండి" అన్నాను.

"ఇప్పుడు చెబితే, గొంతు పోయిందని జాలిపడి అబద్ధమాడుతున్నాననుకుంటుంది" అంది.