మాట వెనక్కి తీసుకున్న మిస్త్రీ చాచా

గురువారం. పొద్దున నల్లా నీళ్లు పట్టాను, మూడు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను, కందిపప్పు ఏరి డబ్బాకెత్తాను. ఎండుమిర్చి తొడిమలు తీస్తుండగా కరీంనగర్ లారీ అడ్డా నుంచి మా ఆయన ఫోన్ చేశారు. మిస్త్రీ చాచా తెల్లవారుజామున నమాజు చేసుకుని, కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. మిర్చి సగంలోనే ఆగిపోయింది.

చాచా జీవితమంతా డీజిల్ పంపులు బాగుచేశారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. రంపపు పొట్టుతో చేతులు రుద్దుకోనిదే మా ఇంట్లో చాయ్ గ్లాసు ముట్టేవారు కాదు.

మాకున్నది ఒకటే లారీ. పాతది ఉన్నప్పుడు, ట్యాంకు నింపినప్పుడల్లా డీజిల్లో అర లీటరు టూటీ ఆయిల్, అంటే పాత స్కూటర్లలో పెట్రోలుతో కలిపే నూనె, పొయ్యమని చెప్పింది చాచానే. "ఇప్పటి డీజిల్ల జిడ్డు లేదు బిడ్డా, పంపుకు జర నూనె తగులాలె" అనేవారు. నిజంగానే ఆ పంపు ఏళ్ల తరబడి విప్పే పని పడలేదు.

కొత్త లారీ వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. ప్రతి ట్రిప్పుకూ టిఫిన్ డబ్బా పక్కన నూనె సీసా పెట్టడం, పెట్టినట్టు నోటుబుక్కులో టిక్కు కొట్టడం నా పని. ఒక్కసారీ తప్పలేదు. నేను కొంచెం బద్ధకస్తురాలినైతే ఆ బండి ఇంకొన్నాళ్లు బాగా నడిచేదేమో.

రెండో ఏడు, ఆదిలాబాద్ నుంచి పత్తి లోడుతో వస్తుంటే ఇచ్చోడ దగ్గర మీటర్లో ఎర్ర లైటు వెలిగింది. ఎంత తొక్కినా బండి ఇరవై దాటలేదు. మా ఆయన అక్కడే ఒక దాబా ముందు ఆపారు. ముందుకు పోలేరు, లోడు విడిచి రాలేరు. వర్క్‌షాప్ మనిషి వచ్చి డీజిల్లో ఏమైనా కలిపారా అని అడిగితే, లేదన్నారు. నాకు ఫోన్ చేసి పుస్తకం దాచెయ్యమన్నారు. బియ్యం డబ్బాలో దాచాను. మూడు రోజులు, బియ్యం తీసిన ప్రతిసారీ దాని అట్ట నా చేతికి తగిలేది.

మూడో రోజు చాచా వచ్చి బండికి ఏమైందని అడిగారు. అబద్ధం నోటి దాకా వచ్చి ఆగింది. పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. వేలితో టిక్కులన్నీ ఒక్కొక్కటే చూశారు.

"మసి కాలుతది బిడ్డా, బూడిద కాలదు" అన్నారు చివరికి. కొత్త బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుందట. మసిని అదే కాల్చేసుకుంటుంది. నూనె వదిలే బూడిద మాత్రం కాలక, లోపలే పేరుకుని ఊపిరాడకుండా చేస్తుందట. ఒక కుర్ర మెకానిక్ ఈ సంగతి ముందే చెప్పాడట. "వాడు చెప్తే నవ్విన" అన్నారు.

సీసా పెట్టింది నేను కదా అన్నాను.

"నువ్వు పెట్టినవ్, నేను పెట్టమన్న. గా తప్పు నాది."

ఆ పూటే బస్సెక్కి ఇచ్చోడ పోయి వర్క్‌షాప్ మనిషికి ఉన్నదున్నట్టు చెప్పారు. కంపెనీ ఉచితంగా చేసే రిపేరు అలా పోయింది. మా ఆయన నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాతోనూ అంతంత మాత్రమే. ఇల్లు కూడా ఆ బండిలాగే ఇరవై దాటకుండా నడిచింది.

ఒకరోజు చాచా వచ్చి మా మెట్టు మీద కూర్చున్నారు. కొత్త బండ్లలో నూనె పొయ్యమని తాను ఎవరెవరికి చెప్పారో గుర్తు చేసుకుంటూ నాతో రాయించారు. ఇరవై మూడు మంది. రోజూ అడ్డాకు పోయి వాళ్లను వెతికి, వద్దని చెప్పి వచ్చేవారు. చెప్పినవాళ్ల పేరు నేను కొట్టేసేదాన్ని. డ్రైవర్లు ఎగతాళి చేశారట. "నిన్నటిదాంక పొయ్యమన్నవ్, గియ్యాల వద్దంటున్నవ్. ఏది నమ్మాలె చాచా?" అని ఒకతను అడిగితే, "గియ్యాలటిది నమ్ము. రేపు మారితే రేపొచ్చి చెప్త" అన్నారట. ఈ ముచ్చట మా ఆయనే ఇంటికొచ్చి చెప్పారు. అప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు.

ఇరవై రెండు పేర్లు కొట్టేశాం. ఒక ఇచ్చోడ డ్రైవర్ మిగిలాడు. బండి నాగపూర్ వైపు తిరుగుతుంది, ఫోన్ నంబర్ మారింది. చాచా వారం వారం వచ్చి "దొరికిండా?" అని అడిగేవారు. నేను తల అడ్డంగా ఊపితే, చాయ్ తాగకుండానే లేచేవారు.

ఈ మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను. గల్లీ మొదట్లో ఒక కొత్త లారీ ఆగి ఉంది. అడ్డాలో లోడు దింపుతుంటే చాచా సంగతి తెలిసి వచ్చాడట ఆ ఇచ్చోడ డ్రైవర్. లోపల ఏడుపులు వినిపిస్తున్నాయి. ఇది సమయం కాదని తెలుసు. అయినా అక్కడే ఆపి, డీజిల్లో నూనె పొయ్యొద్దని చెప్పాను.

"నిన్న గూడ పోసిన వదినా" అన్నాడు. తన బండి వైపు చూశాడు. "చాచానే చెప్పమన్నడా?"

"ఆయనే."

దస్తీ తలకు కట్టుకుని, జనాజా ఎత్తేవాళ్లలో కలిసి భుజం పెట్టాడు.

ఇంటికొచ్చి ఇరవై మూడో పేరు మీద గీత కొట్టాను. పక్కన రాశాను: మాట చేరింది. చాచా ఎవరికీ బాకీ లేరు.