విమలమ్మ పంతులమ్మ బ్యారన్ ఎక్కిన రోజు

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. అంతకు ముందు ఈ సంగతి రాయాలని ఎన్నిసార్లు అనిపించినా రాసే దారి లేకపోయింది. నోటితో చెబుదామా అంటే, చెప్పినదాన్ని ఎదుటివాళ్ళు తమకు కావలసినట్టు తిప్పుకుపోతారని చిన్నప్పుడే చూశాను. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో, క్లైడ్ నార్త్‌లో మా అమ్మాయి సునీత ఇంట్లో, వంటగది బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. బయటంతా పొగ. ఇక్కడ ఎండలు తగ్గాక అడవి అంచుల్లో కావాలనే నిప్పు పెట్టి తుప్పలూ ఎండుగడ్డీ కాల్చేస్తారు, వచ్చే వేసవిలో పెద్ద మంటలు లేవకుండా. ఆ పొగ గాలికి ఇంత దూరం కొట్టుకొచ్చి, ఒకే రకం కప్పులున్న ఈ కొత్త ఇళ్ళ మీద కదలకుండా కూర్చుంటుంది. సునీత కిటికీలన్నీ మూసి, తలుపు సందులో తడి తువ్వాలు కుక్కి డ్యూటీకి వెళ్ళింది. అయినా వస్తూనే ఉంది. అది యూకలిప్టస్ ఆకు కాలిన వాసన, మా పొగాకుది కాదు. ఆ తేడా నా బుర్రకు తెలుస్తోంది గాని నా కడుపుకు తెలియడం లేదు.

అక్షరాలు నేర్చింది కూడా ఈ ఊళ్ళోనే. శనివారం పూట మా మనవరాలు మాన్యను తెలుగు క్లాసుకు తీసుకెళ్ళి, రెండు గంటలు బయట చలిలో కూర్చోలేక వెనక బెంచీలో కూర్చునేదాన్ని. చెప్పే అమ్మాయి ఒకరోజు నాకూ పలక ఇచ్చింది. "అమ్మమ్మా, యు ఆర్ సో స్లో" అని మాన్య నవ్వేది. స్లోనే. కానీ వచ్చాయి.

ఉగాదికి ఇక్కడి మా జిల్లావాళ్ళంతా పార్కులో భోజనాలు పెట్టుకున్నారు. నగరానికి అవతలి కొసనున్న క్రెయిగీబర్న్ నుంచి హరిబాబు గారు వచ్చారు. ఆయన మా ఊళ్ళో మేం కూలికి పోయిన కామందు కొడుకు, నా ఈడువాడే, ఇప్పుడు వాళ్ళబ్బాయి దగ్గర ఉంటున్నాడు. బార్బీక్యూ పలకమీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్న కుర్రాళ్ళ మధ్య నిలబడి ఊరి ముచ్చట్లు మొదలుపెట్టాడు.

"మా ఊళ్ళో ఒక పంతులమ్మ ఉండేదిలే. మొగుడు లేడు, పిల్లల్లేరు, పొద్దుపోయేది కాదు. ఒకరోజు చీర ఎగ్గట్టి మా పొగాకు బ్యారన్ ఎక్కి కూర్చుంది. ఆడోళ్ళు ఎక్కకూడదని తెలుసు, అయినా ఎక్కింది. వారం తిరక్కముందే బ్యారన్ బూడిద! లైవ్ బార్బీక్యూ!"

"సీరియస్లీ అంకుల్? దట్స్ సో డార్క్," అంది ఒక పిల్ల, నవ్వు ఆపుకోలేక.

"కావాలంటే అడగండి. ఇదుగో, మంటేసినోడి కూతురే ఇక్కడుంది. ఏం కోటమ్మా, అబద్ధమా?"

నా చేతిలో పులిహోర గరిటె ఉంది. అందరూ నావైపు చూశారు. నా మౌనాన్ని అవునని తీసుకుని ఆయన ఇంకో ముచ్చటలోకి వెళ్ళిపోయాడు.

మా ఊరు ఒంగోలుకు పడమట, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. చలికాలం వస్తే ఊరంతా పొగాకే. తెల్లారకముందే అమ్మ నన్ను లేపి, రాత్రి మిగిలిన సంకటి ముద్ద గోంగూర పచ్చడితో తినిపించి, తలకు గుడ్డ చుట్టి బ్యారన్ దగ్గరికి తీసుకుపోయేది. మంచులో తడిసిన పచ్చాకు బండ్ల మీద గుట్టలుగా వచ్చి దిగేది. ఆడవాళ్ళు, పిల్లలు వరసగా కూర్చుని ఆ ఆకును పురికొసతో కర్రలకు అల్లేవాళ్ళం. కాసేపటికే ఆకు జిగురు చేతులకు పట్టి, ముందు పచ్చగా, తర్వాత గోధుమరంగుగా, మధ్యాహ్నానికి తారులా నల్లగా మారేది. ఆ చేతులతోనే అన్నం, ఆ చేతులతోనే అచ్చనగండ్లు. గచ్చకాయలు కూడా నల్లబడి ఒకదానికొకటి అంటుకునేవి, ఎగరేస్తే జంటగా పడేవి, అది మాకొక ఆట. ముగ్గుల నెలలో ఊరి వీధుల్లో బెల్లం పాకం వాసన వచ్చేది. మా వరకు వచ్చేసరికి దాంట్లోనూ పొగాకు ఘాటే.

బ్యారన్ అంటే చూడనివాళ్ళకు చెప్పాలి. కిటికీలు లేని గది, రెండంతస్తుల మేడంత ఎత్తు. లోపల కిందినుంచి కప్పుదాకా అంచెలు అంచెలుగా అడ్డవాసాలు, నేలమీద గోడ నుంచి గోడకు పాకిన లావుపాటి రేకు గొట్టాలు. బయట పొయ్యిలో మంటేస్తే ఆ వేడి గొట్టాల్లో తిరిగి, వాసాల మీద వేలాడదీసిన ఆకును పసుపుపచ్చగా పండించి ఎండబెడుతుంది. తలుపు మూశాక, ఆకు తయారయ్యేదాకా ఎవరూ తెరవకూడదు. బయటనుంచి చూస్తే పొయ్యి నోట్లో ఎర్రటి వెలుగు తప్ప ఏమీ కనిపించదు. గుడ్డిగా, ఎత్తుగా, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు లోపల చిటపటమనే ఆ గదికి నేను వీపు తిప్పి నడిచేదాన్ని కాదు, పక్కకు చూసుకుంటూ నడిచేదాన్ని.

కర్రల్ని పై అంచెకు చేర్చాలంటే వాసాల మీద అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడి అందుకునేవాళ్ళు కావాలి. అన్నిటికంటే పై అంచెలో పెద్దవాళ్ళకు తల పట్టదు, అక్కడికి పిల్లలే ఎక్కాలి. ఆడపిల్లలైతే పెద్దమనిషి కాకముందే. అయిన ఆడది ఎక్కితే ఆకు మాడుతుందని మా వైపు నమ్మకం. నాకు ముందు ఏడు మా మేనత్త కూతురు సుబ్బులు ఎక్కేది. తడి ఆకు మోసిన పిల్లలకు పొద్దున్నే కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. ఆకులోని విషం తడితోపాటు చర్మంలోకి దిగుతుందని ఇప్పుడు తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం గాలి సోకిందనేవాళ్ళు, తాయెత్తు కట్టి, బెల్లపునీళ్ళు తాగించి మళ్ళీ పంపేవాళ్ళు. సుబ్బులు తాయెత్తుతోనే ఎక్కింది, తాయెత్తుతోనే పడింది. తర్వాత మేనత్త వాళ్ళ అరుగుమీద గోడవైపు తిరిగి కొన్నాళ్ళు పడుకుని ఉంది. ఒకరోజు ఆ అరుగు ఖాళీగా కనిపించింది. సుబ్బులు ఇక లేదని నాకు ఎవరూ చెప్పలేదు. "వచ్చే ఏడు కోటి ఎక్కుద్దిలే," అన్నాడు మాచేత పని చేయించే మేస్త్రీ, నన్ను పైనుంచి కిందికి చూసి. కోటి అంటే నేనే.

ఆ ఎండాకాలమే విమలమ్మ పంతులమ్మ మా ఊరి బడికి వచ్చింది. బొట్టు లేని ముఖం, నీరుకావి రంగు చీరలు, చేతికి గడియారం. చలికాలం రాగానే బడిలో పిల్లలు లేరు. బెంచీలకు పాఠం చెప్పలేక ఆమే మధ్యాహ్నం పూట క్యారియర్ పట్టుకుని బ్యారన్ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. సంచిలో పలకలు తెచ్చేది. మా చేతి జిగురు పలకలకు అంటుకుని, బలపం జారిపోయి, అక్షరం పడేది కాదు. ఆమె విసుక్కోలేదు. మర్నాటినుంచి పచ్చి టమాటాలు తెచ్చి, కోసి, ఒక్కొక్కరి చేతులూ తానే రుద్ది కడిగేది. వేళ్ళ సందుల్లో ఆ పులుపు మంటపెట్టేది. "ఓర్చుకో తల్లీ, అయిపోయె," అంటూ ఊదేది. అప్పటిదాకా నా చేతులు ఎవరూ అలా పట్టుకోలేదు. అమ్మకు తీరిక లేక, మిగిలినవాళ్ళకు అవసరం లేక.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. రాగానే ప్రతి పిల్ల మెడ వెనక అరచెయ్యి ఆనించి, "తల తిరుగుతోందా?" అని అడిగేది. మొదట్లో లేదనేవాళ్ళం. ఉందంటే తాయెత్తు కడతారు, లేకపోతే తిడతారు. ఆమె మాత్రం ఉందన్నవాళ్ళను నీడలో పడుకోబెట్టి, తన పెరుగన్నంలోంచి ముద్దలు పెట్టేది. నా ఒంట్లో ఏమవుతోందో అడిగితే చెప్పవచ్చని, చెబితే వినేవాళ్ళు ఉంటారని నేను అక్కడే నేర్చుకున్నాను.

మేస్త్రీకి అది గిట్టలేదు. "ఏందమ్మా, పిల్లకాయల్ని ముద్దు చేసి చెడగొడతావుండావు? నువ్వు బడి చూసుకో, మేం బ్యారన్ చూసుకుంటాం," అనేవాడు. కామందు ఏమీ అనేవాడు కాదు. దూరంగా వేపపుల్ల నములుతూ ఆమెను చూసి ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడానికే మా అమ్మ భయపడేది.

కొత్త బ్యారన్‌కు మొదటి మంట వేసే రోజు వచ్చింది. గుడి పూజారి మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టాడు. పొయ్యికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. కామందు భార్య కర్పూరం పట్టుకుని నిలబడింది. తెల్లారినప్పటినుంచి తడి ఆకు అల్లి నాకు వాంతి వచ్చేట్టు నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి, బ్యారన్ గోడలు నామీదికి వంగుతున్నాయి. "ఎక్కవే కోటీ, యాలవుతాంది," అని మేస్త్రీ నా జబ్బ పట్టుకున్నాడు.

అప్పుడే వచ్చింది పంతులమ్మ. నా మెడమీద చెయ్యి పెట్టింది. అడిగింది. నేను అందరిముందు "తిరుగుతోంది" అన్నాను.

"ఈ పిల్ల ఎక్కదు," అంది ఆమె.

"ఇది ఎక్కకపోతే ఎవరెక్కుతారు? నువ్వెక్కుతావా?" అన్నాడు మేస్త్రీ. చుట్టూ నవ్వారు.

ఆమె గడియారం విప్పి నా చేతిలో పెట్టింది. కుచ్చెళ్ళు ఎత్తి దోపింది. చెప్పులు తలుపు దగ్గర విడిచి వాసం పట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి. కిందనుంచి ఒక్కొక్క కర్రా చేతులు మారి చీకట్లోకి పోతుంటే, పైన వంగిన నడుముతో అందుకుంటున్న ఆమె పాదాలు మాత్రమే నాకు కనిపించేవి. అలవాటు లేని చేతులు, మెల్లగా సాగింది. ఆకులు తెగి కింద గొట్టాల మీద రాలుతున్నాయి. ఆమె దిగేసరికి చీరంతా పచ్చజిగురు, మోచేతులు గీరుకుపోయి రక్తం. కామందు భార్య కర్పూరం పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకుంది.

ఇక్కడ ఒక సంగతి నేను కళ్ళారా చూశాను. మంటవేసేది మా నాన్న. ఆకు ఎక్కించాక, మంటకు ముందు, గొట్టాల మీద రాలిన ఆకునంతా ఏరి పారెయ్యాలి. పచ్చిగా ఉన్నప్పుడు ఏమీ కాదు గాని, ఎండి, వేడి పెంచాక అదే అంటుకుంటుంది. నాన్న చీపురు పట్టుకుని లోపలికి వంగాడు.

"అయ్యా, గొట్టాలు ఊడ్చి ఏస్తా," అన్నాడు.

"ముహూర్తం దాటిపోతాంటే ఊడుస్తా కూచుంటావంట్రా? ముయ్ తలుపు!" అన్నాడు కామందు.

నాన్న చీపురు కింద పెట్టాడు. తలుపు మూశారు, టెంకాయ కొట్టారు, మంటేశారు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. నాన్న ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండా బ్యారన్ వైపు చూసేవాడు. ఆకు పసుపుకు తిరిగింది, ఎండింది, వేడి పెంచమన్నారు. ఒక పట్టపగలు, మేం పక్క బ్యారన్ దగ్గర అల్లుతుండగా, కప్పు సందుల్లోంచి తెల్లపొగ బదులు నల్లపొగ వచ్చింది. చూస్తుండగానే పైకప్పు లోపలికి కూలిపోయింది, ఆ వేడికి మా ముఖాలు చురుక్కుమన్నాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. సరుకంతా పోయింది.

బడి వరండాలో పెద్దలు పంచాయితీకి కూర్చున్నారు. మొగుడు లేని మనిషి ఎక్కితే ఏమవుతుందో అదే అయిందన్నారు. కామందు నాన్నను పిలిచి, "గొట్టాలు శుభ్రంగానే ఉండాయి గదరా?" అని అడిగాడు. నాన్న తల ఊపాడు. పంతులమ్మ నాన్నను చూసింది. ఆ సాయంత్రం ఇంట్లో, "ఊడ్వనిచ్చుంటే కాలేదే కాదు," అని అమ్మతో గొణిగాడు. అమ్మ, "ఆ మాట అక్కడ చెప్పలేకపోయావా?" అంది. "చెబితే రేపట్నుంచి యాడికి పోదాం?" అన్నాడు.

పంతులమ్మను పంపేశారు. ఆమె బదులు ఇంకెవరూ రాలేదు, బడికి తాళం పడింది. పట్టుమని నాలుగు అక్షరాలైనా రాకముందే నా చదువు అక్కడితో సరి. కానీ మరుసటి ఏడు మేస్త్రీ మళ్ళీ నా జబ్బ పట్టుకుంటే మా అమ్మ అడ్డంగా నిలబడింది. "నా బిడ్డకు బదులు ఒక మనిషి ఎక్కి ఊరే పోగొట్టుకుంది. ఇంక నా బిడ్డ ఎక్కదు. నరుకుతారా, నరకండి." అది విని మిగిలిన తల్లులూ ఒక్కొక్కరే లేచారు. ఆ ఏటినుంచి మా ఊళ్ళో పిల్లలెవరూ బ్యారన్ ఎక్కలేదు. పై అంచె ఖాళీగానే వదిలేసేవాళ్ళు.

ఇప్పుడు ఆ బ్యారన్లూ లేవు, చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతారని విన్నాను. బడి చోట ఏదో గోడౌను ఉందట. మేస్త్రీ లేడు, కామందు లేడు, అమ్మానాన్నా లేరు. పంతులమ్మ ఎక్కడికి వెళ్ళిందో, ఎన్నాళ్ళు బతికిందో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. మిగిలింది హరిబాబు గారు చెప్పే ఆ ముచ్చట ఒక్కటే, అది మాత్రం సముద్రం దాటి వచ్చి పార్కుల్లో నవ్వు పుట్టిస్తోంది.

ఇంతవరకు నిన్న శనివారం రాశాను. సునీత డ్యూటీ నుంచి వచ్చాక చదివి వినిపించాను.

"ఇది ఫోన్లో ఊరి గ్రూపులో పెడతావా అమ్మా? మన ఊరివాళ్ళంతా ఉంటారు. హరిబాబు గారి అబ్బాయి రిఫర్ చేస్తేనే గదా మీ అల్లుడికి జాబ్ వచ్చింది. అదలా ఉంచు, తాతయ్య పేరు ఏమవుద్ది? అబద్ధం చెప్పాడని నువ్వే రాస్తావా?"

"ఆయన కూతుర్ని గనకే నేను రాయాలి," అన్నాను.

ఈ రోజు పొద్దున్న ఇంట్లో ఎవరూ లేవకముందే లేచాను. పొగ ఇంకా అలాగే ఉంది. కాగితాలు బల్లమీద వరసగా పరిచి, ఒక్కొక్కటీ ఫోటో తీసి, మా ఊరి గ్రూపులో పెట్టాను. కింద నా పేరు, మా నాన్న పేరు రాశాను. తర్వాత ఫోను మోగింది, తెరమీద హరిబాబు గారని నా అంతట నేనే చదువుకున్నాను. ఎత్తలేదు. చెప్పవలసినదంతా అందులో రాసే ఉంది.