రోల్ నంబరు రాసిన కాగితాలు

నల్లపాడులో జిరాక్స్ మిషన్ నుంచి అప్పుడే వచ్చిన కాగితాల కట్ట వెచ్చగా చేతికి తగిలితే నాకు సువార్తమ్మ మేడమ్ గుర్తొస్తారు. నిన్నా అంతే. మా విద్యార్థులకు పంచాల్సిన సర్వే కాగితాలవి. దుకాణం ముందు మిర్చి లారీ ఆగింది, అందరం తుమ్ముతున్నాం, నేను మాత్రం ఇష్టం లేకపోతే నింపనక్కర్లేదని రాసిన మొదటి పేజీ రెండోసారి చదువుకుంటున్నాను. ఆ అలవాటు ఆవిడ పెట్టిందే.

ఆవిడ నా పరిశోధనకు గైడు. నేను ఆవిడ దగ్గరికి కోపంతోనే చేరాను. ఎమ్మేలో ఉండగా ఒక లెక్చరరు హాస్టల్ విద్యార్థుల తిండి మీద సర్వే చేశాడు. పేర్లు చెప్పనన్నాడు, చెప్పలేదు కూడా. "కనిగిరి నుంచి వచ్చినతను ఒక పూటే తింటాడట" అని సెమినార్లో చదివాడు. హాస్టల్లో కనిగిరివాణ్ణి నేనొక్కణ్ణే. వెనక నుంచి "ఒరేయ్ ఒంటిపూటా!" అని ఎవడో అరిచాడు. చదువయ్యేదాకా నా పేరు అదే. ప్రిన్సిపాల్‌కి మూడు ఫిర్యాదులు రాశాను. జవాబు లేదు. నకళ్ళు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

"ఆ ఫిర్యాదులు రాసింది నువ్వేనా?" అని మొదటిరోజే అడిగారు మేడమ్. అవునన్నాను. "మంచిది. దెబ్బ ఎక్కడ తగులుతుందో నీకు తెలిసుండాలి."

తెలియలేదు. చదువు మానేద్దామనుకునే విద్యార్థుల గురించి నా సర్వే. ఒక క్లాసులో లెక్చరరు హాజరు పిలవగానే కాగితాలు పంచాను. అరగంటలో అందరూ నింపిచ్చారు, ఒక్కరూ కాదనలేదు. గర్వంగా మేడమ్ బల్లమీద పెట్టాను. ఆవిడ కట్ట తిరగేశారు. ప్రతి కాగితానికీ కుడిమూలన రోల్ నంబరు.

"నేను అడగలేదు మేడమ్. ఏ కాగితం ఇచ్చినా రాస్తారు కదండీ, అలవాటు."

"పరీక్ష అనుకుని రాశారయ్యా. పరీక్షని ఎవరైనా వద్దంటారా? నువ్వు వాళ్ళ సమ్మతి తీసుకోలేదు, హాజరు తీసుకున్నావు."

"ఆ మూల కత్తిరించేస్తానండీ."

"నంబరు పోతుంది. భయపడి రాసింది పోతుందా?"

థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలే ఉంది, గడువు దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుందన్నాను. "అవనీ. ఎవరి కాగితం వాళ్ళ చేతికివ్వు" అన్నారు. మూడు రోజులు ఆవిడ ముఖం చూడలేదు. నాలుగో రోజు, లెక్చరరు లేని సమయంలో, ఆ క్లాసుకి వెళ్ళాను. నంబరు చూసి ఎవరిది వాళ్ళకిచ్చి, ఇష్టమైతే తిరిగివ్వండి, లేకపోతే చించేయండి అన్నాను.

తుళ్లూరు అమ్మాయి ఒకతె లేచింది. "చించొచ్చా సార్? మార్కులు పోవుగా?"

"పోవు."

నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది. "ఏమే, సారు ఏడుస్తారే!" అంది పక్కపిల్ల. నిజంగానే ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి వెనకపేజీ కూడా నింపింది, నాకు దొరికినవాటిలో అంత మంచి కాగితం ఇంకోటి లేదు. ఆమె మీద కోపం ఇంకా పోలేదు. కానీ ఒంటిపూటగాడికి ఆ రోజు అలా చించే వీలు ఎవరూ ఇవ్వలేదని మాత్రం ఒప్పుకుంటాను.

మిగిలినవాటితోనే గడువు చివరివారంలో థీసిస్ ఇచ్చాను. "ఇంత తక్కువమందేమిటి?" అన్నారు వైవాకి వచ్చిన పరీక్షకుడు. "అడిగాను సార్, కొందరు వద్దన్నారు" అన్నాను, గొంతు తగ్గించకుండా. మేడమ్ బాగా చెప్పావని ఒక్కమాట అనలేదు. అదీ నేను మరిచిపోలేదు.

ఇప్పుడు నేను కాగితాలిచ్చి గదిలోంచి వెళ్ళిపోతాను. తలుపు దగ్గర పెట్టె ఉంటుంది, నింపినవీ నింపనివీ అందులోనే వేస్తారు. ఖాళీ కాగితం ఒక్కటైనా కనిపిస్తే నాకు ధీమా. ఒక్కటీ లేకపోతే, ఎక్కడో భయపెట్టి ఉంటానని మర్నాడు కొత్త కాగితాలతో మళ్ళీ వెళ్తాను.