డార్క్‌రూమ్‌లో సముద్రం

సముద్రంలో ఎంత పచ్చదనం ఉందో కొలవడం నా ఉద్యోగం. ఉండేది నాంపల్లిలో. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. మా అమ్మకు ఇది ఇప్పటికీ నవ్వులాటే. "నీళ్ళు లేని కాడ ఈత నేర్పుతున్నరు" అంటుంది.

పని మాత్రం నవ్వులాట కాదు. సముద్రపు నీళ్ళలో కంటికి కనిపించని మొక్కలు కోట్లకు కోట్లు తేలుతుంటాయి. ఫైటోప్లాంక్టన్ అంటాం. వాటిలో పత్రహరితం ఎక్కువైతే నీటి రంగు మారుతుంది. ఆ రంగును శాటిలైట్ పైనుంచి చూసి, ఇక్కడ ఇంత, అక్కడ అంత అని లెక్క చెబుతుంది. కానీ ఒడ్డు దగ్గర బురదను చూసి కూడా పచ్చదనమే అనుకుంటుంది. అందుకే దాని మాటకు సాక్ష్యం కావాలి. అది పైనుంచి పోయే వేళకే పడవలో వెళ్ళి, అదే చోట నీళ్ళు తీసి, వడకట్టి, ఆ వడపోత కాగితాన్ని వెలుతురు తగలకుండా, చల్లదనం పోకుండా ల్యాబుకు చేర్చాలి. మబ్బు పట్టిందా, శాటిలైట్‌కు ఏమీ కనపడదు, పడవ ఖర్చు నీళ్ళపాలు. ఆ ఏడాది వానలు వెళ్ళాక నాలుగుసార్లు పడవ వెళ్ళింది. నాలుగుసార్లూ మబ్బే. నేను హైదరాబాదులో కూర్చుని విశాఖపట్నం ఆకాశం కోసం కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఐదోసారి మబ్బు విడిపోయింది.

కాగితాలు ఆదివారం పొద్దున రైల్లో వచ్చాయి. అమ్మా నాన్నా చర్చికి తయారవుతుంటే నేను నాంపల్లి స్టేషనుకు పరుగెత్తాను. పడవలో వెళ్ళిన మా సహోద్యోగి థర్మాకోల్ పెట్టె నా చేతిలో పెట్టాడు. రాత్రంతా నిద్ర లేదేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఐదో నంబరు జాగ్రత్తండి. శాటిలైట్ నెత్తి మీద ఉన్నప్పుడు తీసిన నీళ్ళు అవే. ఒకే సీసాలోవి రెండు కాగితాలున్నాయి, ఏ, బీ అని రాశాను" అని చెప్పి నిద్రపోవడానికి వెళ్ళిపోయాడు.

అప్పుడే ఫోనుకు కబురు వచ్చింది. మా ల్యాబు వైపు కేబుల్ పని జరుగుతోందట, రేపటిదాకా కరెంటు ఉండదట. ఫ్రీజర్లు పనిచేయవు. పెట్టెలో పొడిమంచు, అదే డ్రై ఐస్, సగానికి పైగా అయిపోయినట్టు బరువు చూస్తేనే తెలుస్తోంది. బెంచీ మీద పెట్టె పెట్టి మూత తీశాను. పైన ఉన్న పొట్లం అల్యూమినియం రేకు మీద తడి కనిపించింది. లోపలికి దిగిందేమోనని అంచు కొంచెం విప్పి చూశాను. దిగలేదు. గుండ్రటి తెల్ల కాగితం మీద లేత ఆకుపచ్చ మరక. ప్లాట్‌ఫారం రేకుల కప్పు సందుల్లోంచి ఎండ పడుతోంది. మళ్ళీ చుట్టేశాను. రేకు ఓ మూల చిరిగింది. ఒక్క చూపే కదా అనుకున్నాను. అసలు అలా కూడా అనుకోలేదు, ఆ సంగతి అక్కడే మర్చిపోయాను.

పెట్టెను ఇంట్లో మంచం కింద పెట్టి పొడిమంచు కోసం బయటపడ్డాను. అబిడ్స్‌లో షాపులు సగం మూసి ఉన్నాయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి, జనం తాపీగా వంగి పేజీలు తిప్పుతున్నారు. వాళ్ళ తాపీ చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఐస్‌క్రీమ్ దుకాణాలు రెండు తిరిగాను. ఆటో ఎక్కి అఫ్జల్‌గంజ్ పోయాను. అక్కడ ఐసు గడ్డలమ్మే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పొడిమంచు ఏంది మేడం? మంచు తడిగనే ఉంటది. గిదయితే ఇస్త."

ఆయనతో వాదించి లాభం లేదు, మామూలు ఐసు చల్లదనం సరిపోదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. మంచం కింద పెట్టె లేదు.

మా నాన్న ఫోటోగ్రాఫరు. మా ఇంటి ముందు గదే ఆయన స్టూడియో. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అది మూతపడింది. వెనక ఫోటోలు కడిగే డార్క్‌రూమ్ మాత్రం అలాగే ఉంది. బియ్యం డ్రమ్ము పెట్టుకుంటానని అమ్మ ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఆ గది తలుపుకు బయట గొళ్ళెం కూడా లేదు, లోపలి గడియ ఒక్కటే. దాని గురించి మా ఇంట్లో ఒక పాత మాట ఉంది. నేను పుట్టకముందు ఒక పెళ్ళి రీలు, సరిగ్గా ఉంగరాలు మార్చుకునే ఫోటోలున్నది, నల్లగా మాడిపోయిందట. రీలు కడుగుతుంటే అమ్మ డార్క్‌రూమ్ తలుపు తీసిందని నాన్న పెళ్ళివాళ్ళకు చెప్పుకున్నాడట. అప్పటి నుంచి పాలు విరిగినా, ఫ్యూజు పోయినా, "మళ్ళీ అమ్మ తలుపు తీసిందా?" అంటాం.

ఆ గది తలుపు మూసి ఉంది. దబదబ బాదాను.

"ఆగు బిడ్డా, వెలుతురు పడతది" అన్నాడు లోపలి నుంచి.

గడియ తీసిన చప్పుడయ్యాక చూస్తే, చర్చి చొక్కా చేతులు మడిచి, చల్లటి నీళ్ళకు వేళ్ళు ఎర్రబడి, నాన్న గర్వంగా నిలబడి ఉన్నాడు. పెట్టె మీద 'చల్లగా, చీకట్లో ఉంచాలి' అని ఉండటం చూసి, కుల్ఫీ బండాయన దగ్గర ఐసు తెచ్చి, రాళ్ళుప్పు కలిపి నింపాడట. ఉప్పు కలిస్తే మామూలు ఐసు కంటే చల్లగా ఉంటుంది. పొట్లాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి నీళ్ళు దిగకుండా కట్టాడు. ఒక పొట్లం చిరిగి ఉంటే ఫోటో పేపరు మీద ఉండే నల్ల కాగితం చుట్టాడట. పని అంతా చక్కగా ఉంది. కానీ వెనకాల గోడ మీద ఎర్ర బల్బు వెలుగుతోంది.

"ఫికర్ చెయ్యకు, ఎర్ర లైట్లనే తీసిన" అన్నాడు.

ఫోటో కాగితానికి ఎర్ర వెలుగు ఏమీ చేయదు. పత్రహరితానికి అసలు తిండే ఎరుపు, నీళ్ళలోంచి తీశాక ఆ తిండే దాన్ని చంపుతుంది. పచ్చ వెలుగైతే కాస్త నయం. ప్రపంచంలో ఉన్న రంగులన్నీ వదిలేసి ఆయన సరిగ్గా దాన్నే ఎంచుకున్నాడు.

"నిన్నెవరు తియ్యమన్నరు డాడీ? పాడు చేసినవ్ అంతా. మూతపడ్డ దుకాణం పని నా పని మీద చేస్తవా?" అన్నాను.

ఆ చివరి మాట నోరు జారింది కాదు. కావాలనే అన్నాను. నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. బల్బు ఆర్పాడు. వంటింట్లోంచి అమ్మ, "ఈసారి తలుపు నేను తియ్యలే, యాదుంచుకోన్రి" అంది. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం కోడికూర వండింది, మేం ముగ్గురం గోడలు చూస్తూ తిన్నాం. ఆ సాయంత్రం నేను ఐదుసార్లు ఐసు మార్చాను. నాన్న డార్క్‌రూమ్ వైపే పోలేదు.

సోమవారం పొట్లాలు ల్యాబుకు చేర్చాను. ప్రతి నమూనాకు ఒక పత్రం ఉంటుంది, అందులో ఏదైనా తేడా జరిగితే రాయడానికి ఒక గడి. 'ఇంట్లో ఇతరులు తెరిచారు, వెలుతురు తగిలింది' అని రాశాను. ఇతరులు అంటే మా నాన్న.

కాగితాలను అసిటోన్‌లో నానబెట్టి ఒక రాత్రి చీకట్లో, చల్లగా ఉంచాలి. మంగళవారం పొద్దున యంత్రం ముందు కూర్చున్నాను. రెండుసార్లు కొలుస్తాం. మొదట ఉన్నది ఉన్నట్టు, తర్వాత ఒక చుక్క యాసిడ్ వేసి. పత్రహరితం బతికి ఉంటే చుక్క పడగానే అంకె దిగిపోతుంది. ముందే చచ్చి ఉంటే పెద్దగా కదలదు. ఒకటో నంబరు అంకె దిగింది. రెండు, మూడు, నాలుగు, అన్నీ దిగాయి. ఐదు బీ దిగింది. శాటిలైట్ చెప్పిన లెక్కకు దగ్గరగా కూడా వచ్చింది. పక్క సీట్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఐదు ఏ కదలలేదు.

దాని పొట్లం కోసం చెత్తబుట్టలో వెతికాను. చిరిగిన రేకు, దాని మీద నల్ల కాగితం. ఎర్ర దీపం కింద పెట్టెలోని పొట్లాలన్నీ ఉన్నాయి. నాంపల్లి ఎండ చూసింది ఇదొక్కటే. ఎర్ర వెలుగు కాస్త దూరి ఉన్నా, అది ఆ చిరుగులోంచే. ఆ అంచు విప్పింది నా వేళ్ళే అని అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం మెట్రో దిగి ఇంటికి నడిచే కొద్ది దూరంలో నాలుగుసార్లు ఆగాను. నాన్న వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. అమ్మ పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నిలబడే చెప్పాను.

"పాడు చేసింది నేనే డాడీ. ఒకే సీసావి రెండుంటే, ఒకదాన్ని స్టేషన్ల విప్పి చూసిన, ఎండల. నువ్వు పట్టుకున్నవన్నీ మంచిగున్నయి."

నాన్న కుర్చీలో ముందుకు వంగాడు.

"రెండోది దక్కిందా?" అన్నాడు.

"దక్కింది."

"మంచిది" అన్నాడు. "నాకూ గట్లనే అయింది బిడ్డా. ఆ పెండ్లి రీలు. కెమెరాల తిరుగుతుందో లేదోనని అనుమానమొచ్చింది. చర్చి మెట్ల మీద, ఎండల, కెమెరా వెనక మూత తీసి చూసిన. ఒక్కసారే. మీ అమ్మ తలుపు తియ్యలే."

నేను అమ్మ వైపు చూశాను. ఆమె చేతులు ఆగలేదు.

"నాకు ఎరుకనే. గడియ లోపల ఉన్న తలుపు నేను బయట నుంచి ఎట్ల తీస్త?"

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?" అన్నాను.

"పెండ్లోళ్ళ ముందట ఈయన మొగం జూసిన ఆనాడు. చెప్పబుద్ధి కాలే" అంది. తర్వాత నాన్న వైపు తిరిగి, "మీరు చెప్తరేమోనని చూసిన. చానా రోజులు పట్టింది" అంది.

నాన్న తల వంచుకుని చిక్కుడుకాయల పళ్ళెం దగ్గరికి జరుపుకున్నాడు. ఈనె తీయడం చేతకాదు ఆయనకు, కాయలు సగం విరిచేశాడు. అమ్మ ఆ ముక్కలను కూడా గిన్నెలో వేసుకుంది.

బుధవారం అందరికంటే ముందు ల్యాబుకు వెళ్ళి ఐదు ఏ పత్రం తీశాను. మా పత్రాలు పెన్సిల్‌తోనే రాస్తాం, పడవలో తడిస్తే సిరా నిలవదని. చెరపడం తేలికే, కానీ చెరపకూడదు. తప్పు రాస్తే ఒక గీత గీసి పక్కన రాయాలి, కింద ఉన్నది చదవడానికి కనిపించాలి. 'ఇంట్లో ఇతరులు తెరిచారు' అన్న మాటల మీద గీత గీశాను. పక్కన 'స్టేషనులో నేనే విప్పాను' అని రాసి సంతకం పెట్టాను.