బెత్తెడు సుతిలి

మా చిన్నప్పుడు... బోధన్ వైపు చెరకు బండ్లు పోయే బాటలో రెండు లోతైన గాడులు ఉండేవి. ఊళ్లో బండ్లన్నీ ఒకే వెడల్పు. చక్రాలు ఆ గాడుల్లో పడ్డాయంటే ఎడ్లు వాటంతటవే చక్కెర ఫ్యాక్టరీ దాకా పోయేవి.

ఆ ఏడు మా బండి ఇరుసు అరిగిపోయింది. అవ్వ ఆముదంలో మసి కలిపి కందెన ఎంత పూసినా దాని మూలుగు ఆగలేదు. కొత్తది కొనే స్థితి లేదు. ఎల్లుండే చెరకు తేవాలని ఫ్యాక్టరీ చీటీ వచ్చింది. ఆ రోజు తప్పితే నరికిన చెరకంతా ఎండిపోతుంది...

మా అమ్మ తమ్ముడు సాయిలు మామ మహారాష్ట్ర అంగడికి పోతున్నాడని, అక్కడ వాడిన ఇరుసు ఒకటి తెమ్మన్నాడు బాపు. పాతదాని పొడవు సుతిలితో కొలిచి, రెండు కొసలా ముడులేసి నా చేతిలో పెట్టాడు.

"మామకియ్యి బిడ్డ. ముడికెల్లి ముడిదాక సూడుమను."

గడప దాటేటప్పుడు నా గుడ్డబొమ్మ కనిపించింది. పాపం, దానికి మొలతాడు లేదు. సుతిలి కొస బెత్తెడు పళ్లతో కొరికి, మళ్లీ ముడేసి, మిగతాది మామకిచ్చాను. అంత పొడుగు తాడులో బెత్తెడు పోతే ఏమవుతుందిలే అనుకున్నాను... ఎనిమిదేళ్ల తెలివి.

మర్నాడు మామ ఇరుసును బస్సు మీద అదే సుతిలితో కట్టి తెచ్చాడు. దించేటప్పుడు తెంపి పారేశాడు. వాకిట్లో బండి కింద దుంగలు పెట్టి ఇద్దరూ లాగితే, పాత ఇరుసు రెండు ముక్కలై వచ్చింది. తెచ్చినది ఎక్కించాక, చక్రాలు బండికి మరీ దగ్గరగా ఉన్నాయని బాపుకు అనుమానం వచ్చింది.

"తాడుకు సరిగ్గ సూసే తెచ్చిన బావా" అన్నాడు మామ.

నేను బొమ్మను వెనక దాచుకున్నాను.

తెల్లారి చెరకు నింపుకుని బయల్దేరితే, ఒక చక్రం గాడిలో, ఇంకొకటి గట్టు మీద... కాలువ మలుపులో బండి ఒరిగిపోయింది. చెరకు నీళ్లపాలైంది. మా ఎర్రెద్దు కాలు విరిగింది. అది మళ్లీ లేవలేదు.

బాపు తిట్టలేదు. "తాడిచ్చినంక గూడ గింత తేడా ఎట్లొచ్చె సాయిలూ" అన్నాడు, అంతే.

మామ తల వంచుకుని, "నా కండ్లే ఏడనో పోయినయి బావా" అన్నాడు.

ఆ మాటను ఆయన నిజంగానే నమ్మాడు... ఇన్నేళ్లూ నన్ను తినేసింది అదే. తర్వాత బతికినన్నాళ్లూ మామ దేన్నీ తన చేత్తో కొలవలేదు. మా ఇంటికి తలుపులు పెట్టేటప్పుడు టేపు అందిస్తే, "నాకు రాదు బిడ్డ" అని నవ్వి మేస్త్రీకి ఇచ్చేశాడు. అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుపడి ఊరుకున్నాను.

పోయిన నెల మామ పోయాడు.

ఇప్పుడు ఆ బాట తారు రోడ్డు. గాడులూ లేవు, ఆ బండ్లూ లేవు. మొన్న అమ్మ సందూకలో నా బొమ్మ దొరికింది. నడుముకు సుతిలి అలాగే ఉంది. విప్పి, నాలుగు వేళ్లు ఆనించి చూశాను... బెత్తెడంటే బెత్తెడే.

మీరూ ఇలా ఎవరికీ చెప్పనిది ఏదైనా దాచుకుని ఉంటే ఇక్కడ రాయండి... కానీ ఆ మనిషి ఇంకా ఉంటే, ముందు వెళ్లి ఆయనకు చెప్పండి.