ఫీజుకి వెళ్ళిపోయిన చుక్క

మా చిన్నప్పుడు... కంకిపాడు పక్కన మా ఊళ్ళో, నేను ఇంగ్లీషు మాటలు వల్లె వేసింది మా గేదె వీపు మీద కూర్చుని. నుదుటి మీద తెల్లమచ్చ, అందుకే దాని పేరు చుక్క. తోబుట్టువులు లేని నాకు వినేది అదొక్కటే... తప్పు చదివినా చెవులు ఆడించేది.

యుద్ధం రోజులవి. బెజవాడ హైస్కూల్లో సీటు దొరికింది. ఆ వారమే మైలవరం వైపు ఆసామి ఒకాయన బేరానికి వచ్చి చుక్క పళ్ళు చూశాడు.

"బడిజీతం కట్టాలిరా, అదే మీ ఫీజు," అన్నాడు నాన్న.

"అయితే నేను చదవను!" అని అరిచాను.

"గేదెని మళ్ళీ కొనుక్కుంటాంలే. నువ్వు నోర్మూసుకుని బస్సెక్కు."

అమ్మిన గొడ్డుతో పలుపుతాడు ఇవ్వకూడదు... ఇస్తే ఇంట్లో పాడి పోతుందట. నాన్న తాడు విప్పుకుని ఉంచేశాడు. దాన్ని నా పుస్తకాలకి కట్టుకుని, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిచే బస్సులో బెజవాడ వెళ్ళాను.

అక్కడ తెలిసినవాళ్ళ అరుగు మీద పడక. రోజుకి పది మాటలైనా మాట్లాడేవాణ్ణి కాదు...

"ఏరోయ్, గేదెని ఏ బెంచీకి కట్టేశావు?" అన్నాడొకడు నా తాడు చూసి. క్లాసంతా నవ్వింది. వాడి చొక్కా చింపేశాను.

ఇంగ్లీషు మాస్టారు పిలిచారు. దెబ్బకి చెయ్యి చాపాను. ఆయన బెత్తం తియ్యలేదు. "ఆ తాడేమిట్రా?" అన్నారు. చెప్పాను. లావుపాటి నిఘంటువు తెరిచారు.

"మనం ఫీజంటున్నాం గానీ అసలు మాట ఫీ. డాక్టరుకి, ప్లీడరుకి, బడికి ఇచ్చే డబ్బు. దీని వెనకున్న పాత మాటకి అర్థం పశువులు. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళకి పశువులే డబ్బు. మన విశాఖ వైపు వాళ్ళూ గొడ్లని సొమ్ములనే అంటార్రా. మీ నాన్న తెలియకుండానే ఆ పాత లెక్కన కట్టాడు."

సెలవులకి ఇంటికి పరిగెత్తాను... ఈ మాట చుక్కకి చెప్పాలని! అది లేదన్న సంగతి కొట్టం దాకా వెళ్ళాక గానీ గుర్తు రాలేదు. గుంజ ఒక్కటే ఉంది. దానికే చెప్పాను.

నాన్న మళ్ళీ గేదెని కొనలేదు. ఏటేటా ఫీజు కట్టాల్సి వచ్చేది మరి...

ఇప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. తెల్లదొరలు ఓడెక్కి పోయారు, బడి గోడ మీది ఫీజు నోటీసు మాత్రం పోలేదు. చదువు అమ్ముకునే సరుకా అని కరపత్రం పట్టుకుని వీధుల్లో అరుస్తున్నాను. అరిచి అరిచి గదికి వస్తే... చెవులు ఆడించేవాళ్ళు లేరు.

మీ చదువు కోసం మీ ఇంట్లోంచి ఏది వెళ్ళిపోయింది? రాయండి... దాని పేరుతో సహా.